ఫొటో తర్వాత, ముందు జుట్టు చూపించండి

మా పార్లర్‌కి పర్మింగ్ కోసం, అంటే మందుతో జుట్టును రింగులు తిప్పించుకోవడానికి, వచ్చేవాళ్లు కూర్చోగానే ఫోన్ తీసి ఏదో ఒక సీరియల్ నటి ఫొటో చూపిస్తారు. నేను జడ విప్పి, 'గడిచిన రెండేళ్లలో దీనికి ఏమేం పెట్టావమ్మా?' అంటాను. స్మూతనింగా, రంగా, నల్ల హెన్నా ప్యాకెట్లా? 'అబ్బే, ఏమీ లేదక్కా' అనేవాళ్లే ఎక్కువ. వెలుతురులో పట్టుకుంటే చివర్లు రాగిరంగులో బయటపడతాయి. ఏ పర్మ్ వేయాలో, అసలు వేయాలో వద్దో ఆ చివర్లే చెబుతాయి.

జుట్టులో ఎక్కువ భాగం కెరాటిన్ అనే ప్రోటీన్. దాని పోగుల మధ్య గంధకపు లంకెలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. పర్మ్ మందు వాటిలో కొన్నింటిని తెంపుతుంది. జుట్టు రాడ్డు చుట్టూ ఒంపు తిరిగాక న్యూట్రలైజర్, అంటే పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆ ఒంపులోనే లంకెలను మళ్లీ కలుపుతుంది. మొదటి మందు తక్కువసేపు ఉంటే రింగు నిలవదు, ఎక్కువసేపు ఉంటే జుట్టు పీచైపోతుంది.

1900ల తొలినాళ్లలో లండన్‌లో కార్ల్ నెస్లర్ అనే జర్మన్ ఈ పని వేడితో చేశాడు. పైనుంచి వేలాడే యంత్రం, కాలే ఇత్తడి గొట్టాలు, గంటల తరబడి కూర్చోవడం. తొలి ప్రయోగాలు భార్య తల మీదే చేశాడు. పాపం, ఆవిడ జుట్టూ కాలింది, మాడూ కాలింది. వేడి అక్కర్లేని కోల్డ్ పర్మ్ 1930ల చివర్లో గానీ రాలేదు.

ఇప్పటికీ ఎక్కువగా వేసేది ఆ కోల్డ్ పర్మే. అమ్మోనియం థయోగ్లైకొలేట్ అనే ఘాటైన క్షారపు మందు, దానికో కుళ్లిన గుడ్ల కంపు. లావుగా, బిరుసుగా, రంగు తగలని జుట్టుకు ఇది బాగా పడుతుంది. పలచని జుట్టుకు, రంగు వేసినదానికి యాసిడ్ పర్మ్ నయం. డ్రయ్యర్ వేడి కావాలి, రింగు మెత్తగా వస్తుంది, త్వరగా వదులవుతుంది. అందులో వాడే ఒక మందు వేసేవాళ్ల చేతులకు అలర్జీ తెస్తుంది. గ్లవ్స్ లేకుండా నేను ముట్టను.

జపాన్, కొరియాల నుంచి వచ్చిన డిజిటల్ పర్మ్‌లో రాడ్లనే కరెంటుతో వేడిచేస్తారు. ఖరీదెక్కువ, సగం రోజు పోతుంది. కోల్డ్ పర్మ్ రింగులు తడిగా ఉన్నప్పుడు బిగువుగా ఉండి, ఆరేకొద్దీ వదులవుతాయి. డిజిటల్‌లో ఆరాకే ఒంపు తేలుతుంది. జుట్టు ఆరబెట్టుకుని విరబోసుకుని ఆఫీసుకెళ్లే అమ్మాయిలకు ఇదే చెబుతాను. వారానికి రెండుసార్లు కొబ్బరినూనె పట్టించి, రోజూ బిగించి జడ వేసుకునేవాళ్లకు మాత్రం ఏ పర్మయినా దండగే.

రాడ్డు సన్నదైతే చిన్న రింగులు, లావుదైతే అలల్లాంటి బాడీ వేవ్. నడుము దాటిన జుట్టు తన బరువుకే పైభాగంలో సాగిపోతుంది. అలాంటివాళ్లకు రాడ్లు నిలువుగా చుట్టే స్పైరల్ పర్మ్ మేలు.

ఏదైనా సరే, పరీక్ష చేయకుండా నేను మందు తెరవను. ఒక వెంట్రుక తడిపి లాగితే కాస్త సాగి మళ్లీ వెనక్కి రావాలి. సాగి అలాగే ఉండిపోయినా, పుటుక్కున తెగినా పని ఆపేయడమే. తర్వాత చెవి వెనక ఒక పాయను రాడ్డుకు చుట్టి మందు పెట్టి చూస్తాను. రాడ్డును ఒకటిన్నర చుట్టు విప్పి మాడు వైపు నెడితే జుట్టు పాము మెలికలా ఒంగాలి. స్మూతనింగ్ చేయించిన జుట్టు చాలాసార్లు ఇక్కడే తెగుతుంది. కొన్ని నల్ల హెన్నా పొడుల్లో లోహపు లవణాలుంటాయి, అవి పెరాక్సైడ్‌తో కలిస్తే వేడెక్కి జుట్టును కాల్చేస్తాయి.

వేయించుకున్నాక రెండు రోజులు తలస్నానం వద్దు. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, ఆ కొత్త జుట్టు మీ పాత తీరుగానే వస్తుంది. పెళ్లికి వారం ముందు పర్మ్ కావాలని వచ్చే పెళ్లికూతుళ్లను నేను తిప్పి పంపేస్తాను. పూలజడలో దాగిపోయే జుట్టుకు ఇంత మందెందుకు? రిసెప్షన్ సాయంత్రానికి కర్లింగ్ ఐరన్ చాలు.

మీరు ఏ పార్లర్‌కి వెళ్లినా పాయ మీద పరీక్ష చేయమని అడగండి. అక్కర్లేదంటూ నేరుగా రాడ్లు చుట్టబోతే, మొహమాటపడకుండా లేచి వచ్చేయండి.