విమానం ఎక్కేలోగా

నాన్న పోయారని కబురు అందగానే విదేశాల్లో ఉన్న పిల్లలూ తమిళనాడులోని మన సత్రపట్టికి పరుగున వస్తారు. పెద్దకర్మ అయ్యేసరికి సెలవు అయిపోతుంది. ఆ కొద్ది రోజుల్లోనే కాగితాల పని మొదలుపెట్టండని నా మనవి. లేకపోతే ఆ తిరుగుడంతా అమ్మ మీద పడుతుంది.

ముందు మరణ నమోదు. 21 రోజుల్లోగా తెలియజేయాలి. ప్రాణం ఎక్కడ పోతే అక్కడే నమోదవుతుంది. ఊళ్లో, ఇంట్లో పోతే వీఏఓ (గ్రామ పాలనాధికారి) దగ్గరికి ఇంటివాళ్లే వెళ్లాలి. మదురై ఆస్పత్రిలో పోతే మదురైలోనే ఆస్పత్రివాళ్లు రాయిస్తారు. దానికోసం సత్రపట్టిలో వెతికి లాభం లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

అసలు చిక్కు పేరుతో వస్తుంది. తమిళనాట మన కుటుంబాల్లో ఇంటిపేరు పెళ్లిమాటల వరకే. కాగితాల్లో ఉండేది తండ్రి పేరు ఇనీషియల్. ఆధార్‌లో ఒకలా, పట్టాలో ఒకలా, పాసుబుక్కులో మరోలా ఉంటుంది. కొడుకు పాస్‌పోర్టులోనేమో ఇంటిపేరు ఉండాల్సిన చోట నాన్న పేరే ఉంటుంది. అందుకే మరణ ధ్రువపత్రం అచ్చయ్యేలోపే తమిళం, ఇంగ్లీషు రెండూ అక్షరం అక్షరం సరిచూడండి. తమిళం చదవడం రాకపోతే పక్కింటివారినైనా పిలవండి. ఇక్కడ పడ్డ తప్పు బ్యాంకు దాకా వెంటాడుతుంది.

తర్వాత తహసీల్దారు ఇచ్చే వారిసు (వారసుల) సర్టిఫికెట్. ఇ-సేవై కేంద్రంలో అర్జీ పెట్టవచ్చు. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు పోయినాయన తల్లికీ వాటా ఉంది. అత్తారింట ఉన్న ఆడబిడ్డ పేరు, మూలన కూర్చున్న అవ్వ పేరు దయచేసి వదిలేయకండి. బ్యాంకు నామినీ సొమ్ము అందుకునేవారు మాత్రమే, హక్కు వారసులందరిదీ.

పాసుబుక్కు ఓపిగ్గా తిరగేయండి. ఏటా 20 రూపాయలు పట్టుకుని ఉంటే ప్రమాద బీమా, 436 అయితే జీవన్ జ్యోతి బీమా. ఏదైనా 2 లక్షలు. మిల్లులో ఉద్యోగం చేస్తూ పోయినవారికి పీఎఫ్‌తో ముడిపడిన బీమా 7 లక్షల దాకా వస్తుంది. అడగనివారికి ఇవేవీ రావు.

ఆస్తి పనులకు మళ్లీ రాలేనివారు తాము ఉంటున్న దేశంలోని భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి.

చివరిగా అమ్మను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి, ఆమె ఖాతాకు కొత్త నామినీని రాయించండి. అక్కడ ఇంకా నాన్న పేరే ఉండి ఉంటుంది.