పిల్లలు కొండ ఎక్కుతానంటే ఏం చెప్పాలి?



మొన్న జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా కుర్చీలోంచి లేవలేదు. "మా అమ్మాయి పర్వతాలు ఎక్కుతానంటోంది మేడమ్. వాళ్ల నాన్నగారు నవ్వేశారు. మా అత్తగారు ఆడపిల్లకు కొండలేంటని రెండు రోజులు మాట్లాడటం మానేశారు. మీరైనా నచ్చజెప్పండి" అన్నారు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. "ముందు టెన్త్ అయిపోనివ్వండి, తర్వాత చూద్దాం" అని పంపేశాను. ఇంటికి వెళ్లాక అర్థమైంది. నేను జవాబు చెప్పలేదు, వాయిదా వేశాను. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి ప్రశ్న రేపు మీ ఇంట్లోనూ రావచ్చు.

సందేహాలు రెండు రకాలు

పిల్లలు అందరూ నడిచే దారి వదిలి కొత్త దారి అడిగితే ఇంట్లో, బంధువుల్లో రెండు రకాల సందేహాలు వస్తాయి. "దెబ్బ తగిలితే? డబ్బులు వృథా అయితే? చదువు పోతే?" అన్నవి మొదటి రకం. "నలుగురూ ఏమనుకుంటారు? పెళ్లెలా అవుతుంది? పక్కింటి అబ్బాయి ఐఐటీ కోచింగ్‌లో చేరాడు కదా?" అన్నవి రెండో రకం. మొదటి రకానికి తప్పకుండా జవాబు వెతకాలి, ఎందుకంటే ఆ ప్రశ్నలే పిల్లల్ని కాపాడతాయి. రెండో రకానికి మనం ఎంత చెప్పినా జవాబు చాలదు. దాన్ని కాలానికి వదిలేయడమే మంచిది. ఇంట్లో గొడవ పెరిగేది ఈ రెండూ కలగలిసిపోయినప్పుడే.

పూర్ణ ఎక్కిన మెట్లు

మాలావత్ పూర్ణ పేరు మీకు తెలిసే ఉంటుంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకుంది. 2014 మే 25న, రాష్ట్ర విభజనకు ఎనిమిది రోజుల ముందు, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. అప్పట్లో ఆ గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, కోచ్ శేఖర్ బాబు.

పేపర్లో మనం శిఖరం ఫొటో మాత్రమే చూశాం. దానికి ముందు జరిగింది చూడాలి. మొదట భువనగిరి కొండ మీద తాళ్లతో రాతి ఎక్కడం నేర్పించారు. అక్కడ బాగా చేసిన పిల్లల్ని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. వాళ్లలో నిలబడిన కొద్దిమందిని చలికాలంలో లడఖ్ తీసుకెళ్లి, గడ్డకట్టే చలిని శరీరం ఎంత తట్టుకుంటుందో చూశారు. చివరికి మిగిలింది ఇద్దరే. 16 ఏళ్లు నిండనివాళ్లకు నేపాల్ వైపు నుంచి అనుమతి లేదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అదే సంవత్సరం ఏప్రిల్ 18న నేపాల్ వైపు హిమపాతం విరుచుకుపడి 16 మంది చనిపోయారు. అంటే ప్రమాదం ఊహ కాదు, నిజం. అందుకే అన్ని మెట్లు, ప్రతి మెట్టు దగ్గర ఒక పరీక్ష.

పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో అమెరికాలోని దెనాలి ఎక్కి, ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ పూర్తిచేసింది. ఎవరెస్ట్ నుంచి దెనాలి దాకా 8 ఏళ్లు పట్టింది.

పర్వతారోహణ కోర్సుల పద్ధతీ ఇలాగే ఉంటుంది. డార్జిలింగ్‌లో, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో బేసిక్ కోర్సు 28 రోజులు. అందులో 'ఎ' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సులో చేర్చుకుంటారు. మన పిల్లలు రాసే పరీక్షల కంటే ఇది తక్కువ క్రమశిక్షణేమీ కాదు.

మన గుడివాడ అమ్మాయి

కొండల్లో ప్రాణానికి రిస్క్ ఉంటుంది. జీతానికి, భవిష్యత్తుకు రిస్క్ ఉండే దారులు వేరే ఉన్నాయి. దీనికి దూరం వెళ్లక్కర్లేదు. కోనేరు హంపి 1987లో గుడివాడలో పుట్టింది. తండ్రి అశోక్ గారు కెమిస్ట్రీ బోధించేవారు. కూతురికి చదరంగం నేర్పడానికి ఆ ఉద్యోగం వదిలేశారు. ఇవాళ మన అపార్ట్‌మెంట్లో ఎవరైనా అలా చేస్తే ఏమంటామో ఒక్కసారి ఆలోచించండి.

అయితే ఆ ప్రయాణంలోనూ మెట్లున్నాయి. హంపి 1997లో పదేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిల్, 1998లో పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు టైటిళ్లు గెలిచింది. 2002లో 15 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ హోదా అందుకున్న అతి చిన్న వయసు మహిళగా అప్పటికి అదే రికార్డు. తర్వాత పెళ్లి, పాప, రెండేళ్ల విరామం. "ఇక అయిపోయింది" అనుకున్నవాళ్లకు 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌షిప్ గెలిచి జవాబు చెప్పింది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కొత్త దారిలో నడిచిన ప్రతి పిల్లా హంపి కాదు, పూర్ణ కాదు. గురుకులంలో భువనగిరి కొండ ఎక్కిన చాలామంది ఎవరెస్ట్ చూడలేదు. కానీ వాళ్లు నష్టపోయారని నేననుకోను. భయం వేసినా తాడు వదలకుండా ఉండటం వాళ్లకు వచ్చింది.

ఇంట్లో మనం చేయగలిగినవి

• వెంటనే అవుననకండి, కాదనకండి. "మొదటి మెట్టు ఏమిటో కనుక్కుని రా" అనండి. నిజంగా ఇష్టమున్న పిల్లలు కనుక్కుని వస్తారు.

• చిన్నగా మొదలుపెట్టండి. ఆదివారం పొద్దున్నే కొండపల్లి ఖిల్లా దాకా కలిసి నడవండి. మూడు నెలల తర్వాత కూడా అలారం పెట్టుకుని తనే లేస్తే అప్పుడు రెండో మెట్టు గురించి మాట్లాడండి.

• నేర్పేవాళ్ల అర్హత, భద్రత ఏర్పాట్లు, ఖర్చు మీరే స్వయంగా అడిగి తెలుసుకోండి.

• చదువు ఎక్కడ, ఎలా కొనసాగుతుందో ముందే కాగితం మీద రాసుకోండి. బంధువులు అడిగితే చూపించడానికీ పనికొస్తుంది.

• సాహసానికీ, తెగింపుకీ తేడా చెప్పండి. ఎండాకాలం వస్తే ఈత రాకుండానే బందరు కాలువలో, ఏలూరు కాలువలో, కృష్ణలో దిగే పిల్లలున్నారు. అది సాహసం కాదు. శిక్షకుడి ముందు ఈత నేర్చుకుని, అనుమతి ఉన్నచోట దిగితే సాహసం.

ఆ అమ్మగారికి వచ్చే మీటింగ్‌లో చెప్పాలనుకున్నది ఇదే: అమ్మాయిని నవ్వి పంపేయకండి, రేపే హిమాలయాలకూ పంపకండి. ముందు ఒక చిన్న కొండ ఎక్కనివ్వండి, కింద మీరు నిలబడండి. నానమ్మగారిని కూడా తీసుకెళ్లండి. మనవరాలు దిగి వచ్చాక ఆవిడ మొహం చూస్తే మిగతా మాటలు మనం చెప్పక్కర్లేదేమో!