నాన్న స్టూడియో లెన్స్.. మీ డిజిటల్ కెమెరాకు!

ఊళ్లో ఇల్లు అమ్మేటప్పుడో, అద్దెకిచ్చేందుకు ఖాళీ చేసేటప్పుడో అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపిన కుటుంబమైతే అందులో పాత కెమెరాలు, బరువైన లెన్స్‌లు బయటపడతాయి. రీళ్ల కాలం పోయింది కదా అని చాలామంది వాటిని పాత సామాన్లవాడికి వేసేస్తుంటారు. ఇచ్చేముందు ఒక్కసారి చూడండి. వాటిలో కొన్ని లెన్స్‌లు మీరు అమెరికాలోనో, దుబాయ్‌లోనో కొనుక్కున్న డిజిటల్ కెమెరాకు పనికొస్తాయి. మధ్యలో అడాప్టర్ అనే లోహపు గొట్టం ఒకటి ఉంటే చాలు.

పెద్ద లెన్స్.. చిన్న సెన్సర్

స్టూడియోల్లో, పెళ్లిళ్లలో వాడిన మీడియం ఫార్మాట్ కెమెరాల్లో 120 రీలు వేసేవారు. చదరపు నెగెటివ్ అయితే ఒక్కో వైపు 56 మిల్లీమీటర్లు వచ్చేది. ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ. మాత్రమే. అంత పెద్ద నెగెటివ్‌ను నింపేలా చేసిన లెన్స్‌కు ఈ సెన్సర్ ఒక లెక్క కాదు.

ఇంకో సౌలభ్యం కూడా ఉంది. లెన్స్ బిగించే చోటు నుంచి రీలు వరకు దూరం హాసెల్‌బ్లాడ్ 500 తరహా కెమెరాల్లో 74.9 మి.మీ., మామియా 645లో 63.3 మి.మీ. అదే ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో సోనీ ఈ మౌంట్‌కు 18, కెనాన్ ఆర్‌ఎఫ్‌కు 20, నికాన్ జెడ్‌కు 16 మి.మీ. మాత్రమే. ఆ తేడాను పూడ్చేదే అడాప్టర్. హాసెల్‌బ్లాడ్ లెన్స్‌ను సోనీకి బిగించాలంటే 56.9 మి.మీ. పొడవు కావాలి. మామూలు అడాప్టర్‌లో గాజు ఉండదు కాబట్టి బొమ్మ నాణ్యత దానివల్ల తగ్గదు.

ఏవి పనికిరావు?

మన స్టూడియోల్లో చాలాచోట్ల కనిపించిన యాషికా మ్యాట్, రోలీఫ్లెక్స్ వంటి రెండు లెన్స్‌ల కెమెరాలకు లెన్స్ ఊడి రాదు. వాటిని జ్ఞాపకంగా ఉంచుకోవడమే మేలు. మామియా ఆర్‌బీ 67 లెన్స్‌లో ఫోకస్ తిప్పే ఏర్పాటు ఉండదు, అది కెమెరా బాడీలో ఉంటుంది. దానికి ఫోకస్ చేసుకునే వీలున్న ప్రత్యేక అడాప్టర్ కావాలి. అన్నిటికంటే సులువైనవి మామియా 645, పెంటకాన్ సిక్స్ లెన్స్‌లు.

ఏం మారుతుంది?

80 మి.మీ. లెన్స్ చదరపు నెగెటివ్‌పై మామూలు చూపునిస్తుంది. 3 మీటర్ల దూరం నుంచి తీస్తే సుమారు 2.1 మీటర్ల వెడల్పు పడుతుంది. అక్కడే నిలబడి ఫుల్‌ఫ్రేమ్‌తో తీస్తే 1.35 మీటర్లే పడుతుంది. పెళ్లిపీటల మీద కుటుంబమంతా పట్టిన లెన్స్‌లో ఇప్పుడు వధూవరులే పడతారన్నమాట. అందుకే ఇది ముఖచిత్రాలకు చక్కగా కుదురుతుంది. గ్రూపు ఫొటోలకు వెనక్కి జరగాల్సిందే.

పాత ఫొటోల అందమంతా తిరిగొస్తుందని మాత్రం ఆశపడొద్దు. అందులో సగం పెద్ద నెగెటివ్ చలవే. స్పష్టతలో కొత్త 85 మి.మీ. లెన్స్‌లు దీన్ని మించిపోవచ్చు. ఆటోఫోకస్ కూడా ఉండదు. పరుగులు తీసే పిల్లల్ని పట్టుకోవడం కష్టం.

బిగించే ముందు..

* టార్చి వేసి లెన్స్ లోపల చూడండి. మన ఉక్కపోతకు ఫంగస్ సాలెగూడులా పట్టి ఉండొచ్చు. అలా ఉంటే మిగతా లెన్స్‌ల పక్కన పెట్టకుండా ముందు శుభ్రం చేయించండి.
* హాసెల్‌బ్లాడ్ బాడీకి ఉన్న లెన్స్‌ను బలవంతంగా తిప్పొద్దు. రీలు తిప్పే మీట పూర్తిగా తిప్పి, కెమెరా క్లిక్‌కు సిద్ధంగా ఉన్నప్పుడే లెన్స్ తీయాలి.
* మామియా 645 లెన్స్‌పై ఉండే మీటను ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చాలి. లేకుంటే అపర్చర్ మారదు.
* కెమెరా మెనూలో లెన్స్ లేకున్నా క్లిక్ అయ్యేలా అనుమతించాలి. స్టెడీషాట్ వంటివి ఉంటే ఫోకల్ లెంగ్త్‌ను మీరే నమోదు చేయాలి.
* పెద్ద లెన్స్ నుంచి వచ్చే అదనపు వెలుగు గొట్టంలో ప్రతిఫలించి బొమ్మ వెలిసినట్టు రావచ్చు. లెన్స్ హుడ్ తప్పనిసరి.
* బరువు లెన్స్‌దే. కాబట్టి పట్టుకోవాల్సింది కెమెరాను కాదు, లెన్స్‌ను.

నాన్నకు తెలిసిన విద్య

ఆరు నెలలకని పిల్లల దగ్గరికి వచ్చే పెద్దలకు ఇక్కడ పొద్దుపోవడం కష్టం. ఫోన్ మొదలుకొని టీవీ రిమోట్ వరకు అన్నీ మనవల్ని అడిగి నేర్చుకోవాల్సిందే. ఈ లెన్స్ ముందు మాత్రం సంగతి వేరు. వెలుగును అంచనా కట్టడం, అపర్చర్ రింగు ఎంత తిప్పాలో, కంటిపాపపై ఫోకస్ ఎలా నిలపాలో స్టూడియో నడిపిన మనిషికి చేతివాటం. తెరపై పెద్దది చేసి చూపించే సదుపాయం ఉంది కాబట్టి చూపు మందగించిన వారికీ ఇబ్బంది ఉండదు. తాతయ్య చెబుతుంటే మనవడు నేర్చుకుంటాడు.

ఈసారి సెలవులకు ఊరెళ్తే ఆ పెట్టె తెరిచి, లెన్స్ ముందు అంచున రాసి ఉన్న పేరు, అంకెలు ఫొటో తీసుకోండి. ఏ అడాప్టర్ కొనాలో వాటిని బట్టే తెలుస్తుంది. తిరుగు ప్రయాణంలో లెన్స్‌ను చెకిన్ సూట్‌కేసులో వేయకుండా, మెత్తటి బట్టలో చుట్టి చేతి సంచిలో తెచ్చుకోండి.