క్యాబ్‌లో వికారం, గుండెలో దడ

సాయంత్రం ఆరు దాటితే హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో మైండ్‌స్పేస్ నుంచి బయోడైవర్సిటీ జంక్షన్ వరకు బండ్లు నత్తనడక నడుస్తాయి. పది అడుగులకోసారి బ్రేకు, ఆపైన ఫ్లైఓవర్ మలుపు. ఆఫీసు క్యాబ్ వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ల్యాప్‌టాప్ మూయకుండా మెయిళ్లకు జవాబులు రాస్తుంటారు. కాసేపటికి నోట్లో నీళ్లూరతాయి, చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది. చాలామందికి ఇది కాసేపటి బాధే. మరీ ఇబ్బందైతే దారిలో మెడికల్ షాపు దగ్గర దిగి ‘వాంతుల మాత్ర ఒకటివ్వండి’ అంటారు. గుండె లయ తప్పే జబ్బున్నవాళ్లు ఆగి ఆలోచించాల్సింది సరిగ్గా ఆ కౌంటర్ దగ్గరే.

ఆ జబ్బులు పెద్దవయసువాళ్లకే అనుకోవడం పొరపాటు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వయసుతోపాటు పెరిగే మాట నిజమే కానీ, ఉన్నట్టుండి గుండె పరుగందుకునే ఎస్‌వీటీ, పుట్టుకతో వచ్చే లాంగ్ క్యూటీ చాలామందిలో చిన్నవయసులోనే బయటపడతాయి. ఐటీ కారిడార్‌లో పనిచేసేదీ ఎక్కువగా ఆ వయసువాళ్లే.

కదులుతున్నామని లోపలి చెవి మెదడుకు చెబుతుంది. ల్యాప్‌టాప్ తెర మీదున్న కళ్లు అంతా నిలకడగానే ఉందంటాయి. ఈ రెండు కబుర్లూ పొసగకపోవడమే ప్రయాణపు వికారానికి మూలం. లోపలి చెవికి ఇందులో ఎంత పాత్ర ఉందంటే, పుట్టుచెవిటివారిలో చాలామందికి గిర్రున తిప్పినా కళ్లు తిరగవని అమెరికన్ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1882లోనే రాశాడు. విశేషమేమిటంటే, లోపలి చెవి ద్రవంలో పొటాషియం నింపే ఒక ప్రోటీన్ ద్వారమే గుండె కండరాన్ని ప్రతి స్పందన తర్వాతా మళ్లీ సిద్ధం చేయడంలోనూ పాలుపంచుకుంటుంది. ఆ ద్వారం జన్యులోపం వల్ల పూర్తిగా పాడైతే బిడ్డ చెవుడుతో పుడుతుంది, గుండె లయా దెబ్బతింటుంది. 1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగె-నీల్సన్ ఇలాంటి పిల్లల గురించి మొదట రాశారు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం అందితేనే వచ్చే జబ్బు కాబట్టి, మేనరికాలున్న మన ఇళ్లలో చెవుడున్న బిడ్డ స్పృహ తప్పి పడితే వెంటనే ఈసీజీ తీయించాలి.

గుండె అలా తిరిగి సిద్ధమయ్యే సమయం ఈసీజీలోని క్యూటీ విరామంలో కనిపిస్తుంది. అది మరీ సాగితే, ముఖ్యంగా 500 మిల్లీసెకన్లు దాటితే, లయ అదుపు తప్పి మనిషి కుప్పకూలే ప్రమాదం పెరుగుతుంది. వాంతుల మాత్రల్లో కొన్ని చేసే పని ఈ విరామాన్ని సాగదీయడమే.

షాపులో అడగ్గానే చేతికొచ్చేవి ఎక్కువగా ఒండాన్‌సెట్రాన్, డాంపెరిడోన్. రెండింటికీ ఈ గుణం ఉంది. ఒండాన్‌సెట్రాన్ 32 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ మోతాదును ఇదే కారణంతో 2012లో అమెరికాలో ఆపేశారు. డాంపెరిడోన్‌ను తక్కువ మోతాదులో, వారం మించకుండా వాడాలనీ, గుండె విద్యుత్ ప్రసారంలో లోపాలున్నవారికి ఇవ్వరాదనీ 2014లో ఐరోపా మందుల సంస్థ తేల్చింది. కీమోథెరపీ తీసుకునేవారికి ఒండాన్‌సెట్రాన్ చేసే మేలు చాలా పెద్దది. ప్రయాణపు వికారానికి మాత్రం అది దాదాపు పనిచేయదు. లయ జబ్బున్న మనిషి క్యాబ్ ఎక్కేముందు దాన్ని మింగితే మిగిలేది ప్రమాదమే.

డాంపెరిడోన్ మరో దారిలోనూ లోపలికి వెళుతుంది. వేళ తప్పిన తిండి, రాత్రి షిఫ్టుల వల్ల గ్యాస్ మాత్ర మింగనిదే రోజు గడవనివాళ్లు ఈ కారిడార్‌లో ఎందరో. అలాంటి మాత్రలు కొన్నింటిలో పాంటొప్రజోల్‌తోపాటు డాంపెరిడోన్ కలిసి ఉంటుంది. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివితే తెలిసిపోతుంది. కడుపు మందుకూ గుండెకూ ఏం సంబంధమని కొట్టిపారేయకూడదు. ఛాతీమంటకు రాసిన సిసాప్రైడ్ గుండె లయను దెబ్బతీసి ప్రాణాలు తీసింది. దాన్ని 2000లో అమెరికా మార్కెట్ నుంచి తప్పించారు, మన దేశం 2011లో నిషేధించింది.

ఘాట్ రోడ్డు ప్రయాణాలకు ఇళ్లలో ఎప్పటినుంచో వాడే అవోమిన్‌లోది ప్రోమెథజైన్. ప్రయాణపు వికారానికి నిజంగా పనిచేసే మందే. కానీ మత్తు తెస్తుంది కాబట్టి వేసుకుని బండి నడపకూడదు. క్యూటీ సమస్య ఉన్నవారికి ఇదీ నిశ్చింతగా మింగేది కాదు. డైమెన్‌హైడ్రినేట్‌లో ఉండే డైఫెన్‌హైడ్రమైన్, గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్‌ను శరీరం కరిగించుకోకుండా అడ్డుపడుతుంది, దాంతో గుండె మరీ నెమ్మదించవచ్చు. చెవి వెనక అంటించే స్కోపోలమైన్ పట్టీ గుండె వేగాన్ని పెంచవచ్చు. లయ సరిచేయడానికి అమియోడరోన్, సోటలాల్ వాడేవారికి ఆ మందులే క్యూటీని సాగదీస్తాయి, దానిమీద ఇంకోటి తోడవకూడదు. అందుకే అందరికీ సరిపోయే మాత్ర అంటూ లేదు. ఈసీజీ చూసిన డాక్టరే ఎంచాలి. గుండె డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ‘నాకు ప్రయాణం పడదు’ అని చెప్పాలని చాలామందికి తట్టదు. తప్పకుండా చెప్పాల్సిన మాట అది.

వాంతులయ్యాక ఇంకో చిక్కు. నీటితోపాటు పొటాషియం, మెగ్నీషియం తగ్గితే లయ తప్పడం తేలిక. 1971లో అపోలో 15 వ్యోమగాములు స్కాట్, ఇర్విన్‌ల గుండె లయ తేడా చేసినప్పుడు నాసా వైద్యులు పొటాషియం లోపాన్నే అనుమానించారు. మరుసటి ఏడాది అపోలో 16లో నారింజ పానీయానికి పొటాషియం జోడించి పంపారు. మనకు ఓఆర్‌ఎస్ చాలు, అయితే అసలైనదే కావాలి. తీపి పానీయాలకు ఓఆర్‌ఎస్ పేరు పెట్టి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపించింది. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం దండిగా ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవారు, స్పైరోనోలాక్టోన్ వాడేవారు మాత్రం అడిగి తాగాలి. గుండె మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతైతే సొంతంగా ఇంకోటి వేసుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయడం మంచిది.

మాత్ర కన్నా ముందు మార్చాల్సింది సీటు. డ్రైవర్ పక్కన కూర్చుని, ఫోను సంచిలో పెట్టి, దూరంగా రోడ్డు మీద చూపు నిలిపితే చాలామందికి సగం బాధ తగ్గుతుంది. కరెంటు క్యాబుల్లో యాక్సిలరేటర్ వదలగానే వేగం పడిపోయి కుదుపు తెలుస్తుంది, ఆ సెట్టింగ్ తగ్గించమని డ్రైవర్‌ను అడగొచ్చు. 2019 నవంబర్‌లో రాయదుర్గం దాకా వచ్చిన మెట్రోకు ట్రాఫిక్ బ్రేకుల గొడవ లేదు. సీట్లు మాత్రం అడ్డంగా ఉంటాయి కాబట్టి పడనివాళ్లు తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని బయటికి చూస్తూ నిలబడటం మేలు. పేస్‌మేకర్ ఉన్నవారు భద్రతా సిబ్బందికి కార్డు చూపించి, డిటెక్టర్ ద్వారంలో నిలబడకుండా దాటిపోతే సరిపోతుంది. నిమ్మకాయ వాసన చూడటం హాని లేని అలవాటు. అల్లం కొందరికి పనిచేస్తుంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు మాత్రం అల్లం మోతాదు మించకూడదు. బ్యాటరీతో నడిచే వికారం బ్యాండ్లు పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరు చెప్పందే కట్టుకోకూడదు.

అన్నిటికన్నా భయపడాల్సింది, లయ తప్పినప్పుడు కలిగే బాధను కూడా ‘ప్రయాణం పడలేదులే’ అని సరిపెట్టుకోవడం. చెమట, తల తేలిపోవడం, వికారం రెండింటిలోనూ ఉంటాయి. ప్రయాణపు వికారం బండి దిగాక మెల్లగా తగ్గుముఖం పడుతుంది. దిగాక కూడా దడ ఆగకపోయినా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా, కళ్లు చీకట్లు కమ్మినా, ఒక్క క్షణం స్పృహ తప్పినా దాన్ని గుండె సమస్యగానే చూడాలి. ట్రాఫిక్‌లో సొంతంగా ఆస్పత్రికి బండి నడుపుకుంటూ బయల్దేరకండి. బండి పక్కకు ఆపించి 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న ఆ సేవ మొదలైంది మన హైదరాబాద్‌లోనే.