మాంచెస్టర్ బస్సు మళ్లీ ఊరి చేతికి

మాంచెస్టర్ పక్కనే ఉన్న పెండిల్టన్‌లో జాన్ గ్రీన్‌వుడ్ టోల్‌గేటు నడిపేవాడు. గేటు దగ్గర కూర్చున్నవాడికి ఎవరు ఏ పూట ఎటు పోతున్నారో తెలియకుండా ఉంటుందా? 1824లో ఆయనే ఒక గుర్రబ్బండి కట్టి మాంచెస్టర్‌కు తిప్పడం మొదలుపెట్టాడు. దూరప్రయాణపు కోచ్‌లలో ముందే సీటు చెప్పుకోవాల్సిన రోజులవి. ఈ బండికి ఆ తంటా లేదు. దారిలో ఎక్కొచ్చు, దారిలో దిగొచ్చు. లండన్‌లో షిలిబియర్ అనే ఆయన గుర్రపు బస్సు దిగింది 1829లో. అంటే సిటీ బస్సు విషయంలో రాజధాని ఐదేళ్లు వెనకబడింది.

ఆ బండి ఎటు తిరగాలో, ఎంత పుచ్చుకోవాలో గ్రీన్‌వుడ్ ఇష్టం. తర్వాతి రెండు వందల ఏళ్లూ ఈ ఊళ్లో గొడవంతా దాని గురించే: రూటు ఎవరు వెయ్యాలి, టికెట్టు ధర ఎవరు చెప్పాలి?

1877లో వచ్చిన గుర్రపు ట్రాములను ప్రైవేటు కంపెనీ నడిపింది. 1901లో కరెంటు ట్రాములు వచ్చేసరికి పగ్గాలు మునిసిపాలిటీ చేతికొచ్చాయి. అక్కణ్ణుంచి ఏ ఊరి బస్సు ఆ ఊరిదే, ఏ ఊరి రంగు ఆ ఊరిదే. మాంచెస్టర్‌ది ఎరుపు. పక్కనే ఆనుకుని ఉన్న సాల్‌ఫర్డ్‌ది ఆకుపచ్చ. మాంచెస్టర్‌లో చివరి ట్రాము 1949 జనవరిలో షెడ్డుకు పోయింది, రోడ్లు పూర్తిగా బస్సులపాలయ్యాయి. మన ఆర్టీసీ బస్సుల మీద మనం చూస్తూ పెరిగిన లేలాండ్ కూడా మాంచెస్టర్ పక్కనున్న లాంకషైర్ కౌంటీలోని ఊరే. 1896లో అక్కడ ఆవిరి బండ్లతో మొదలైన కంపెనీతో జతకట్టే, మద్రాసు అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది.

ఊరి బస్సు కదా అని ఊళ్లో అందరినీ ఒకేలా చూసిందనుకోనక్కర్లేదు. 1959లో ఒక సిక్కు కండక్టర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. తలపాగాతో వస్తానంటే కుదరదన్నారు, యూనిఫాం టోపీయే పెట్టుకోవాలన్నారు. తలపాగాకు కార్పొరేషన్ చేత సరేననిపించడానికి ఏడేళ్లు పట్టింది.

1969లో పదకొండు మునిసిపల్ బస్సు సంస్థలను కలిపి ఒక్కటి చేశారు, బస్సులకు నారింజ రంగు పూశారు. ఆ ముచ్చట పదిహేడేళ్లే. థాచర్ ప్రభుత్వం 1985లో చట్టం తెచ్చింది. 1986 అక్టోబరు 26 నుంచి, లండన్ తప్ప, ఇంగ్లండంతటా లైసెన్సున్న ఏ కంపెనీ అయినా ముందస్తు నోటీసిచ్చి తనకు నచ్చిన రూటులో బస్సు తిప్పుకోవచ్చు. టికెట్టు ధర కూడా కంపెనీ ఇష్టమే. పోటీ ఉంటే ధరలు దిగుతాయి, జనం ఎక్కుతారు అన్నది ఏలినవారి లెక్క. అంత గొప్ప మందైతే లండన్‌కు ఎందుకు తాగించలేదో వాళ్లే చెప్పాలి.

ఆ లెక్క ఎలా తేలిందో చూడాలంటే విల్మ్‌స్లో రోడ్డుకు వెళ్లాలి. యూనివర్సిటీ విద్యార్థులు కిక్కిరిసే దారి. కంపెనీలన్నీ అక్కడికే ఎగబడ్డాయి. ఒకదాని తోకపట్టుకుని మరొకటి, సగం ఖాళీగా. ఒక కంపెనీ పాసు చూపిస్తే వెనకొచ్చే రెండో కంపెనీ బస్సు ఎక్కనివ్వదు. లాభం లేని చోట మాత్రం, ఊరి చివర కాలనీలకు చీకటిపడ్డాక, బస్సు కావాలంటే ప్రభుత్వ సంస్థే టెండరు పిలిచి ఎదురు డబ్బిచ్చి నడిపించుకోవాలి. వెన్న కంపెనీలకు, మజ్జిగ ప్రజల ఖాతాకు.

బస్సులు ఇలా తగువులాడుతుండగా ట్రాము తిరిగొచ్చింది. రెండు పెద్ద స్టేషన్ల మధ్య సొరంగం తవ్వి రైలు వేద్దామన్న పథకం డబ్బుల్లేక డెబ్భైల్లోనే అటకెక్కింది. అంతకంటే తక్కువలో తేలే దారి, పాత రైలు పట్టాల మీద వచ్చి నడిబజారులో వీధి వెంట పోయే ట్రామే. 1992 ఏప్రిల్లో బెరీ నుంచి మెట్రోలింక్ కదిలింది. ఇప్పుడు దానికి 99 స్టాపులు.

బస్సుల సంగతి తేలడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. బస్సుల రూట్లు, ధరలు మళ్లీ తమ చేతికి తీసుకునే అధికారం 2017 చట్టం మేయర్లకిచ్చింది. ఆ అధికారం వాడుకుంటానని మేయర్ ఆండీ బర్నమ్ 2021లో ప్రకటించగానే రెండు బస్సు కంపెనీలు కోర్టుకెక్కాయి. 2022లో తీర్పు మేయర్ వైపే వచ్చింది. 2023 సెప్టెంబరు 24న బోల్టన్, విగన్‌లలో పసుపు రంగు బస్సులు రోడ్డెక్కాయి. 2025 జనవరి 5కల్లా మేయర్ పరిధిలోని పది పాలనా ప్రాంతాలూ ఈ పద్ధతిలోకి వచ్చాయి. పేరు బీ నెట్‌వర్క్. కష్టపడే తేనెటీగ ఆ మిల్లుల నగరానికి పాత గుర్తు.

బస్సు నడిపేది ఇప్పటికీ ప్రైవేటు కంపెనీలే. మన ఆర్టీసీ అద్దె బస్సులను తలుచుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది: రూటు, టైము, ధర ప్రభుత్వ రవాణా సంస్థవి, కంపెనీకి ముట్టేది ఒప్పందం ప్రకారం సొమ్ము. టికెట్టు డబ్బు సంస్థకే జమ. 2025లో రెండు పౌండ్ల టికెట్టుతో గంటలోపు ఏ బస్సైనా మారి ఎక్కగలిగేవారు. ఇంగ్లండ్‌లో గరిష్ఠ ధర మూడు పౌండ్లకు పెరిగినప్పుడు కూడా ఇక్కడ రెండు దగ్గరే ఆపారు. లీ, బోల్టన్‌ల నుంచి రాత్రంతా బస్సులు నడిపి చూశారు. లాభమొక్కటే చూసుకునే కంపెనీ తనంతట తాను పెట్టే సర్వీసు కాదది.

అయితే జనం ఎక్కకపోతే నష్టం కూడా ఇప్పుడు సంస్థదే, అంటే పన్ను కట్టేవాళ్లది. పైగా పసుపు రంగు పూసినంత మాత్రాన ట్రాఫిక్ దారివ్వదు. నగరంలోకి వచ్చే కార్ల మీద రుసుము వేసి, ఆ డబ్బుతో బస్సులు, ట్రాములు పెంచుతామని 2008లో జనాన్ని ఓటడిగారు. వద్దన్నవాళ్లు 79 శాతం. మళ్లీ ఆ మాట ఎత్తే ధైర్యం ఇంతవరకూ ఏ మేయర్‌కూ రాలేదు.