కొత్త నవల, యువ పాఠకులు, రచయితతో ముఖాముఖి

తెలుగు నవల ఎదుగుదలలో యువ పాఠకుల పాత్ర చాలా పెద్దది. కొత్త నవల ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం, చేతికి అందగానే ఏకబిగిన చదివేయడం, చదివాక ఆ రాసినవారిని ఒక్కసారైనా కలవాలనుకోవడం అనే మూడు దశలూ ఆ వయసు పాఠకుల్లో స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది పత్రికలనూ ప్రచురణ సంస్థలనూ నిలబెట్టింది. రెండోది చదివే అలవాటును ఒక తరం నుంచి మరో తరానికి చేర్చింది. మూడోది ఎందరో పాఠకులను రచయితలుగా మార్చింది. ప్రవాసంలో తెలుగు సాహిత్యం కొనసాగాలంటే ఈ మూడింటికీ చోటు ఉండాలి.

తెలుగు నవల పుట్టుకలోనే ఎదురుచూపు ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని' పత్రికలో విడతలు విడతలుగా మొదలై, 1880లో పుస్తకంగా వచ్చింది. 1887లో దాని ఆంగ్లానువాదం లండన్‌లో అచ్చయింది. అంటే తెలుగువారు పెద్ద సంఖ్యలో అమెరికాలో స్థిరపడటానికి ఎంతో ముందే తెలుగు నవల సముద్రం దాటింది.

ధారావాహికల స్వర్ణయుగం ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వచ్చింది. 'ఆంధ్రప్రభ', 'ఆంధ్రపత్రిక', 'ఆంధ్రజ్యోతి', 'ఆంధ్రభూమి' వారపత్రికలు సీరియల్ నవలలతో లక్షల ఇళ్లకు చేరాయి. ముప్పాళ్ల రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన వంటి రచయిత్రులు కాలేజీ అమ్మాయిలను నవలల వైపు తిప్పారు. యద్దనపూడి 'సెక్రటరీ' ఎంతగా ఆదరణ పొందిందంటే 1976లో అది సినిమాగా కూడా వచ్చింది. 'ఆంధ్రభూమి'లో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' యువకుల్లో మరో ఉత్సాహాన్ని రేపింది. పత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలన్న పోటీ ఉండేది. సీరియల్ పేజీలను వారం వారం జాగ్రత్తగా విడదీసి, ఆఖరి భాగం వచ్చాక వరసగా పేర్చి, దారంతో కుట్టించి, అట్ట వేయించి దాచుకునేవారు. ఆ బైండు పుస్తకాల్లో కథతో పాటు ఆనాటి బొమ్మలూ, పేజీ అంచున మిగిలిన ప్రకటనలూ ఉండేవి. అలాంటివి ఇప్పటికీ కొన్ని ఇళ్లలో భద్రంగా ఉన్నాయి.

పుస్తకం కొనలేని యువతకు అద్దె పుస్తకాల షాపులు దారి చూపాయి. కొద్దిపాటి డిపాజిట్ కట్టి, రోజుకు ఇంత అని అద్దె ఇచ్చి నవల ఇంటికి తెచ్చుకునేవారు. రోజు దాటితే అద్దె పెరుగుతుంది కాబట్టి వేగంగా చదవడం దానంతటదే అలవడేది. ఎమెస్కో సంస్థ చవక ధరకు పాకెట్ పుస్తకాలు వేసి, 'ఇంటింటా సొంత గ్రంథాలయం' పథకంతో మధ్యతరగతి ఇళ్లలో నవలలకు అరలు ఏర్పరిచింది. 1978లో మొదలైన 'చతుర' మాసపత్రిక సంచికకొక పూర్తి నవల ఇచ్చి, సీరియల్ కోసం ఆగలేని పాఠకుల కోరిక తీర్చింది.

అప్పట్లో పాఠకులకూ రచయితకూ మధ్య వంతెన ఉత్తరం. పత్రికలు పాఠకుల లేఖలకు పేజీలు కేటాయించేవి. నాయిక ఏం చేయాలో సలహాలిచ్చే లేఖలూ, ముగింపు మార్చమని వేడుకునే లేఖలూ వచ్చేవి. రచయిత స్వయంగా జవాబు రాస్తే ఆ కార్డు స్నేహితులందరి చేతులూ మారేది. రచయిత కనిపించకపోయినా ఆకర్షణ తగ్గేది కాదు. ఫొటో బయటికి ఇవ్వకుండా, సభలకు దూరంగా ఉండిన మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలలను యువత ఎగబడి చదవడం ఇందుకు మంచి ఉదాహరణ.

ఉత్తరం స్థానంలోకి క్రమంగా పుస్తక ప్రదర్శనలు వచ్చాయి. విజయవాడ పుస్తక మహోత్సవం సాధారణంగా కొత్త సంవత్సరం రోజుల్లో జరుగుతుంది. పుస్తకప్రియుల పాదయాత్ర దాని ప్రత్యేకత. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతుంది. ఈ మైదానాల్లో రచయిత వేదిక మీది అతిథిగా కాక, స్టాలు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మామూలు మనిషిగా దొరుకుతారు. పుస్తకం కొన్న అమ్మాయి మొదటి పేజీ తెరిచి ముందుకు చాపుతుంది. రచయిత పేరడిగి, ఒత్తులు సరిచూసుకుని రాసి, కింద తేదీ వేస్తారు. "సార్, ఆ పాత్ర నిజంగా ఉందా?" అన్న ప్రశ్న చాలాసార్లు అప్పుడే వస్తుంది. ఆ కాసేపటి మాటల్లో పాఠకురాలికి ఒక సంగతి బోధపడుతుంది. నవల ఆకాశం నుంచి ఊడిపడలేదు, తనలాంటి మనిషి రోజుల తరబడి కూర్చుని రాసింది, ఓపిక పడితే తనూ రాయవచ్చు. రచయితను కలవడం వల్ల కలిగే అసలు మేలు ఇదే. సంతకం దానికి గుర్తు మాత్రమే.

ఈ మేలుకు నేటి తెలుగు నవలే సాక్ష్యం. 35 ఏళ్లలోపు రచయితల కోసం కేంద్ర సాహిత్య అకాడెమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది. 2025లో తెలుగుకు ఆ పురస్కారం ప్రసాద్ సూరి నవల 'మైరావణ'కు దక్కింది. చదివేవారి వయసులోనే రాసేవారూ ఉండటం యువ పాఠకులకు కొత్త ధైర్యమిస్తుంది. చిన్న ప్రచురణ సంస్థలు ముందస్తు ఆర్డర్లు తీసుకుని పుస్తకాలు వేస్తున్నాయి. చదివినవారు పుస్తకం ముఖచిత్రంతో సామాజిక మాధ్యమాల్లో తమ మాట చెబుతున్నారు. ఒకప్పటి లేఖల పేజీ ఇలా రూపం మార్చుకుంది.

ప్రవాసాంధ్రులు ఈ కథలో ప్రేక్షకులుగా ఉండిపోలేదు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నిర్వహించిన నవలల పోటీలు మంచి నవలలు వెలుగులోకి రావడానికి కారణమయ్యాయి. చంద్రలత 'రేగడి విత్తులు' 1997లో తానా బహుమతి పొందింది. కోస్తా నుంచి తెలంగాణ నల్లరేగడి నేలలకు వలస వెళ్లిన రైతుల జీవితం అందులో ఉంది. 18వ శతాబ్దపు అనంతపురం సీమను చిత్రించిన బండి నారాయణస్వామి 'శప్తభూమి' తానా పోటీలో 2017లో బహుమతి పొంది, 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం కూడా గెలుచుకుంది. కరువు రోజుల్లో గొర్రెల మందలను నల్లమల అడవికి తోలుకుపోయే కాపరుల కథ సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. 2019లో తానా బహుమతి పొందిన ఈ నవలను దర్శకుడు క్రిష్ 2021లో సినిమాగా తీశారు. రాయలసీమ కాపరి బతుకు అమెరికా సంఘం ప్రోత్సాహంతో తెలుగు పాఠకులందరికీ చేరువ కావడం ప్రవాస సంఘాలు గర్వించదగ్గ విషయం.

ప్రవాసంలో పెరిగే పిల్లలకు రచయితలను కలవడం కొత్త కాదు. వారి బడులకూ పట్టణ గ్రంథాలయాలకూ ఆంగ్ల రచయితలు వచ్చి మాట్లాడతారు. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2001 నుంచి జాతీయ పుస్తకోత్సవం జరుపుతోంది. ఆ ఉత్సాహాన్ని తెలుగు నవల వైపు తిప్పడమే చేయాల్సిన పని. మనబడి వంటి తెలుగు తరగతుల్లో అక్షరాలు నేర్చినా, మూడు వందల పేజీల నవల చదవడం ఆ పిల్లలకు కష్టం. అనువాదం ఇక్కడ మంచి మెట్టు. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు', కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఆంగ్లంలో దొరుకుతాయి. తెలుగింటి వాతావరణంతో ఆంగ్లంలోనే రాసిన నవలలూ ఉన్నాయి. అమూల్య మల్లాది 'ది మ్యాంగో సీజన్' అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చిన అమ్మాయి కథ. ఇలాంటివాటితో మొదలుపెట్టి, ఇంట్లో పెద్దలు ఒక అధ్యాయం తెలుగులో చదివి వినిపిస్తే, భాష మీద ఆసక్తి పెరుగుతుంది.

రచయిత అమెరికా పర్యటనకు వచ్చినప్పుడు సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సభకు నెల ముందే ఒక నవలను ఎంచి, యువ పాఠకులకు తెలుగులోనో అనువాదంలోనో అందించాలి. శాలువా, పూలదండ, ఉపన్యాసాలు ముగిశాక మిగిలే పది నిమిషాలు కాక, పిల్లల ప్రశ్నలకే ఒక గంట విడిగా కేటాయించాలి. ప్రశ్నలు ముందే రాసుకు రమ్మని చెబితే చర్చ లోతుగా సాగుతుంది. ఏ భాషలో అడిగినా స్వీకరించి, తెలుగులో జవాబు వినిపించి, అవసరమైతే పక్కన ఒకరు ఆంగ్లంలో వివరించాలి. వేడుక ప్రాంగణంలో నగల, చీరల దుకాణాల సరసన పుస్తకాల బల్ల ఒకటి తప్పక ఉండాలి. రచయితతో మాట్లాడి వచ్చిన పిల్లలకు అక్కడే మరో కొత్త నవల దొరకాలి.