తిత్తులతో వేటాడు నీటిమొక్క

జంతువులు మొక్కలను తినుట మనకు వింత కాదు. మొక్కయే జంతువును పట్టి తినుట వింత. అట్టి మొక్కను చూచుటకు దూరదేశములకు పోనక్కరలేదు. వానకాలము వెనుకబడిన పిమ్మట పార్వతీపురము వంటి చోట్ల చెరువుగట్టున నిలిచి, నీటిపైకి లేచిన సన్నని కాడలకు చిన్న పసుపుపచ్చ పూలున్నవేమో వెదకుడు. ఆంధ్రదేశపు చెరువులలోను, నీరు నిలిచిన వరిమళ్లలోను పెరుగు యుట్రిక్యులేరియా ఆరియా పూలు అట్టివే.

ఈ మొక్కకు వేళ్లు లేవు. నీటిలో తేలుచుండును. దారపు పోగులవలె చీలిన ఆకులకు ఆవగింజలంతటి తిత్తులు అంటియుండును. లాటిను భాషలో ‘యుట్రిక్యులస్’ అనగా చిన్న తోలుతిత్తి. మొక్కకు పేరు అట్లు వచ్చినది.

ఇంకు డ్రాపరు రబ్బరును నొక్కి, నీటిలో ముంచి వదలినచో నీరు లోనికి ఎక్కును గదా! తిత్తి పనియు ఇంచుమించు అట్టిదే. దానిలోని గ్రంథులు లోపలి నీటిని బయటికి తోడివేయును. గోడలు లోనికి నొక్కుకొనిపోవును. వాకిలి మూసియుండును. డాఫ్నియా గాని, చిన్న దోమ డింభకము గాని వాకిటనున్న నూగును తాకగనే తలుపు లోనికి వంగును. గోడలు ఉబ్బును. నీటితోపాటు ప్రాణియు లోనబడును. వెంటనే తలుపు మూసికొనును. ప్రాణియే తలుపు త్రోసికొని పోవునని 1875లో డార్విను తలచెను. కంటికందని వేగము ఆయనను సైతము ఏమార్చినది. ఈ పీల్పునకు సెకనులో వెయ్యవవంతు కాలమైనను పట్టదని 2011లో వేగవంతమైన కెమేరాలతో చేసిన పరిశోధన తెల్పినది.

ఆకుపచ్చని మొక్కకు ఈ వేట యెందుకు? పిండిపదార్థమును ఎండ సాయమున అది తానే చేసికొనును. దానికి కొరవడునవి నత్రజని, భాస్వరము. అవి తక్కువగానున్న నిలువనీటిలో, లోతులేని చోట, మంచి ఎండలో అది పెరుగును. అట్లైనచో పొలముల ఎరువు చెరువులో కలిసిన మొక్కకు మేలు గదా యని తోచవచ్చును. జరుగునది వేరు. ఎరువుతో నాచు, గుర్రపుడెక్క దట్టముగా పెరిగి ఎండను కప్పివేయును, వేటమొక్క క్షీణించును. కాబట్టి ఏటేట పూచు ఈ పూలు ఒక చెరువులో కనబడకపోయినచో, ఆ నీరు మారినదేమో విచారింపవలెను.

ఉపాధ్యాయులు ఒక చిన్న కొమ్మను మాత్రము చెరువునీటితో సహా గాజుపాత్రలోనికి తీసికొనవలెను. పైకెత్తినచో తిత్తులు గాలిని పీల్చుకొనును. క్లోరిను కలిపిన కుళాయినీరు పోయరాదు, వాననీరు మేలు. కొన్ని డాఫ్నియాలను విడిచి భూతద్దముతో చూచినచో, తిత్తులలో చిక్కిన ప్రాణులు నల్లని చుక్కలవలె కనిపించును. పాఠము ముగిసిన పిమ్మట కొమ్మను తెచ్చిన చెరువులోనే విడువవలెను.